చెంబుమీది పేరు

మన యిండ్లలోని పాతసామానునకు మూడు గతులు కలవు. కొంత యటుక యెక్కును. కొంత పెరటిపాకలోనికి దిగి కట్టెలక్రిందను పిడకలక్రిందను అణగియుండును. మిగిలినది, స్టీలుగిన్నెల గంప దించి వీధిలో కేకవేయు వర్తకుని పాలగును. ఆతడు పాతయిత్తడి బిందెను చేత త్రిప్పిచూచి, త్రాసులో వేసి, సొట్టలకును అతుకులకును తరుగు తీసి, దానికి బదులుగా తళతళలాడు రెండు డబ్బాలను చేతబెట్టి పోవును. ఇల్లాలికి చోటు కలిసివచ్చినదని సంతోషము. వర్తకునకు బేరము కుదిరినదని సంతోషము. ఈ బేరములో ఎవ్వరును తూచనిది యొకటి కలదు. అది బిందె మెడమీద చుక్కలు చుక్కలుగా చెక్కియున్న పేరు.

సోదరీమణులు తమ యింటి పాతపాత్రలను ఒక్కసారి వెలుతురున బెట్టి చూడవలెనని నా కోరిక. ఇత్తడి, రాగి, కంచు పాత్రలపై పేరు కొట్టించుట మన తల్లుల కాలమువరకు వాడుకలో నుండెను. పాత్ర కొన్ననాడే అంగడివాడు చిన్నయులిని సుత్తెతో తట్టుచు పేరు పొడిచి యిచ్చుచుండెను. పెండ్లికిని పేరంటమునకును వంటపాత్రలు ఇరుగుపొరుగిండ్లనుండి ఎరువు తెచ్చుకొనుట యాచారము గనుక, తిరిగి యిచ్చునపుడు ఏది యెవరిదో తెలియుటకు ఈ పేరు అక్కరకు వచ్చెడిది. అయితే ఆ పేరెల్లప్పుడును ఇంటి యజమానిదే కాదు. సారెసామానుపై ఆడపడుచు పేరుండును. కొన్నిటిపై ఇచ్చిన తల్లి పేరును, పుచ్చుకొన్న కూతురి పేరును, ఊరును, సంవత్సరమును గూడ ఉండును. పొలము దస్తావేజులలో మన తాతమ్మల పేర్లు వెదకినను తరచుగా కానరావు. బడిపట్టీలలో నుండుటకు వారిలో పెక్కురు బడికే పోలేదు. చాల కుటుంబములలో ఆ తరపు స్త్రీ పేరు వ్రాతలో నిలిచిన తావు ఈ చెంబుమెడ యొక్కటియే. దానిని కొలిమికి పంపునపుడు మనము పంపుచున్నది ఇత్తడి మాత్రమే కాదు.

నేనీ మాటలు పలనాటి వెల్దుర్తినుండి వ్రాయుచున్నాను. కర్నూలుసీమలోను మెదకుసీమలోను వెల్దుర్తులున్నవి గాని, ఇది మాచెర్ల చెంతనున్న వెల్దుర్తి. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో నొక మండలము. మెట్టపైరుల నాడు. జొన్నలు విసరిన తిరుగళ్ళును, మిరపకాయలు దంచిన రోళ్ళును ఈ ప్రాంతపు పెరళ్ళలో నింకను పడియున్నవి. వీనిని ఏరి, కడిగి, పేరు వ్రాసి దాచుట యెవరికైన తగిన పనియా యని నవ్వువారు లేకపోలేదు. నవ్వువారికి చెప్పదగిన కథలు కొన్ని దూరదేశమునను, కొన్ని మనదేశమునను జరిగియున్నవి.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున డాయిల్స్‌టౌను అను నూర హెన్రీ మెర్సరు (1856–1930) అను పురాతత్త్వవేత్త యుండెను. 1897లో ఆయన పొయ్యిపట్టుకారులకై పాతసామాను అమ్ముచోటికి పోగా, అచ్చట రాట్నములును, ఉప్పుపెట్టెలును, కొయ్యగరిటెలును గుట్టగా పడియుండుట కంటబడెను. యంత్రములు వచ్చినపిదప ఎవ్వరికిని అక్కరలేక విసరివేసినవి అవి. పురాతత్త్వము భూమిలోతునుండి మొదలుపెట్టనక్కరలేదు, నిన్నటి వంటయింటినుండియే వెనుకకు నడువవచ్చునని ఆయనకు తోచెను. అంతట పల్లెపల్లెను తిరిగి పనిముట్లను కూర్చి, నిప్పంటుకొనని సిమెంటుకాంక్రీటు భవనము కట్టించి, 1916లో ప్రదర్శనశాలగా తెరచెను. ఆ భవనము నేటికిని నిలిచియున్నది.

రెండవ కథ యొక స్త్రీది. ఎలెక్ట్రా హేవ్‌మేయరు (1888–1960) గొప్ప ధనవంతుల బిడ్డ. తల్లిదండ్రులు ఫ్రెంచి చిత్రకారుల పటములు కొని యింటినిండ నింపినవారు. కూతురు 1907లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, పొగాకు దుకాణము వాకిట నిలుపు కొయ్యబొమ్మ నొకదానిని కొని తెచ్చినది! ఇంత పేరుగల చిత్రములు చూచి పెరిగినపిల్ల ఈ మోటుబొమ్మను తెచ్చుటయేమని తల్లి విస్తుపోయెనట. పిల్ల మానలేదు. బొంతలు, ఆటబొమ్మలు, పనిముట్లు, బాతులవేటలో నీటిపై వదలు కొయ్యబాతులు — ఏరుచునే యుండెను. వివాహముచే ఎలెక్ట్రా వెబ్ అయిన ఆమె 1947లో వెర్మాంటు రాష్ట్రమున షెల్‌బర్ను ప్రదర్శనశాలను స్థాపించెను. పెద్దపటముల ప్రక్కన బొంతకు గోడమీద చోటు దొరకినది ఇట్టివారి మొండితనము వలననే.

ఆ దేశపు బొంతల సంగతి మన స్త్రీలు తెలిసికొనదగినది. 1840 ప్రాంతములలో అచ్చట నొక వేడుక ప్రబలెను. ఊరు విడిచి దూరప్రాంతమునకు కాపురము పోవు చెలికై స్నేహితురాండ్రు తలకొక గుడ్డముక్క కుట్టి, ముక్కపై సిరాతోనో దారముతోనో తమ పేరు నిలిపి, అన్నిటిని కలిపి బొంతగా చేసి యిచ్చెడివారు. కుట్టుపని నేర్చు బాలికలు గుడ్డపై అక్షరములు కుట్టి, అడుగున తమ పేరు, వయస్సు, సంవత్సరము కుట్టుట అంతకు ముందునుండియు కలదు. నేడా గుడ్డలను కొనువారు మొదట చూచునది కుట్టుసొగసు. వెంటనే చూచునది పేరు. పేరు కుట్టిన పిల్ల యే యూరిదో, ఎవరిని పెండ్లాడెనో చర్చిపుస్తకములు వెదకి తెలిసికొందురు. పేరున్నచోట ఒక బ్రతుకు దొరకును. మన చెంబుమీది చుక్కల వ్రాతకును ఇదే విలువ గలదు, వెదకువారే తక్కువ.

మనదేశమున వెదకినవారు లేరని యనరాదు. పూనానగరమున దినకర కేల్కరు (1896–1990) తన చిన్ననాడే పోయిన కుమారుడు రాజా పేరిట ఒక ప్రదర్శనశాలను నెలకొల్పెను. అందు రాజుల కిరీటముల వెతుకులాట లేదు. అడకత్తెరలు, దీపపుసెమ్మెలు, దువ్వెనలు, వంటపాత్రలు, చెక్కడపు తలుపులు, పాదములు రుద్దుకొను ఇత్తడి పనిముట్లు అందు కానవచ్చును. ఆయన భార్య కమలాబాయి ఈ పనిలో తోడునీడయై యుండెను. వేలకొలది వస్తువులు కూడినపిదప దానిని మహారాష్ట్ర ప్రభుత్వమున కప్పగించిరి. పోయిన బిడ్డ పేరు నిలుపుటకు తండ్రి గుడి కట్టింపలేదు, సత్రము వేయింపలేదు. నలుగురి యిండ్లలోని అడకత్తెరలను ఏరెను. ఈ యెన్నిక నా కెంతయో నచ్చినది.

హైదరాబాదున జగదీశ్ మిత్తల్ (1925–2025), కమలా మిత్తల్ దంపతులు ఉండిరి. ఇరువురును శాంతినికేతనమున చిత్రలేఖనము నేర్చినవారు, సంస్థానాధిపతులు కారు. తమకున్న దానితోనే పటములు, కలంకారీ వస్త్రములు, కంచుబొమ్మలు, జానపదుల చేతిపనులు కూర్చి, 1976లో ఆ సొత్తునంతయు ప్రదర్శనశాలగా ఏర్పరచిరి. కథకులు ఊరూర విప్పి చూపి కథ చెప్పు చేర్యాలపటముల గొప్పతనమును చదువుకొన్నలోకమునకు చూపినవారిలో వారొకరు. ఇక చెన్నపట్టణము చెంత ముట్టుకాడున 1996లో తెరచిన దక్షిణచిత్రకు మూలపురుషురాలు డెబోరా త్యాగరాజన్. పుట్టుకచే అమెరికా వనిత, మెట్టుటచే దక్షిణదేశపు కోడలు. అచ్చట పాత్రలతోపాటు ఇండ్లనే విప్పి తెచ్చి తిరిగి కట్టిరి. మన తెలుగునాటి కొయ్యలగూడెపు నేతవారి యిల్లును, విశాఖసీమలోని హరిపురపు చుట్టిల్లును అందున్నవి.

ఇంతదూరము పోనక్కరలేకయే మా పలనాట నొక గొప్ప యుదాహరణము కలదు. నాగార్జునకొండలోయలో 1926లో శిథిలములు బయల్పడెను. తరువాత సాగరపు ఆనకట్టవలన లోయ మునుగనున్నందున 1954 మొదలు 1960 వరకు ముమ్మరముగా త్రవ్వి, దొరకినవానిని కొండమీదికి చేర్చిరి. ఇక్ష్వాకురాజుల కాలమునాటి ఆ శాసనములలో రాజులకంటె ఎక్కువగా మాటలాడువారు స్త్రీలు. మొదటి చాంతమూలుని తోబుట్టువు శాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములు నిలిపి, తాను ఎవరి చెల్లెలో, ఎవరి మేనత్తయో రాతిపై చెక్కించెను. రాజకుటుంబమునకు చెందని బోధిశ్రీ యను ఉపాసికయు తన దానములను పేరుతో వ్రాయించెను. మూడవ శతాబ్దపు ఆ స్త్రీలకు తమ పేరు నిలుపవలెనని తోచినది. నిలుపుకొనుటకు రాయి దొరకినది. మన తాతమ్మలకు దొరకినది చెంబు. అదే లోయలో నొక కంసాలి దుకాణమును బయటపడెను. మూసలు, ఒరగంటిరాయి, నగల అచ్చులు ఉన్నవి యున్నట్లే దొరకినవి. పదునేడువందల యేండ్లనాటి కంసాలి మూసను గాజుపెట్టెలో బెట్టి, మొన్నటి కంసాలి కొలిమిని పెంటపై బారవేయుట మనకు పరిపాటియైనది.

కారెంపూడిలో మాత్రము మావారు మరచిపోలేదు. పలనాటి వీరులవని చెప్పు ఆయుధములను వీరులగుడిలో నేటికిని దాచి, కార్తిక అమావాస్యనుండి జరుగు వీరుల ఉత్సవములలో పూజింతురు. కత్తికి దక్కిన ఈ గౌరవము కవ్వమునకు దక్కలేదు. పలనాటి యుద్ధమున వంటచేసి పెట్టిన చేతులును ఉండెను గదా!

పాతసామాను పోవుటకు ఆడవారి నిర్లక్ష్యమే కారణమనువారితో నేనేకీభవింపను. గుండిగలో పులుసు కాచవలెనన్న లోపల కళాయి యుండవలెను. కళాయివాడు వీధిమొగను గుంటత్రవ్వి, తోలుతిత్తితో నిప్పు రాజేసి, పాత్రను కాచి, నవసాగరము చల్లి, తగరమును దూదితో త్రిప్పి పూసిపోవుచుండెను. ఆతడు రాకుండుటతో ఇత్తడిపాత్ర వంటయింటికి పనికిరానిదయ్యెను. తిరుగలికిని రోలికిని కక్కు కొట్టువారు ఊరికి వచ్చుట మానిరి. పిండిమర వచ్చి తెల్లవారుజామున విసరు బాధ తప్పించినది. తిరిగి యే సోదరియు తిరుగలిముందు కూర్చుండవలెనని నే నెన్నటికి కోరను. వస్తువును దాచుట వేరు, ఆ కష్టమును దాచుట వేరు.

కొలతపాత్రల కథ యింకొకటి. 1956లో తూనికలు కొలతల చట్టమయ్యెను. ఆపై కొలదియేండ్లలో కిలోగ్రాములును లీటరులును అంగళ్ళకెక్కెను. అంతవరకు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. ఈ లెక్క నోటికి వచ్చిన బామ్మ యింట నున్నచో పిల్లలచేత అడిగింపుడు. కుంచము ప్రాంతమునుబట్టి హెచ్చుతగ్గుగా నుండెడిది గనుక, ఏ యూరి కుంచమో తెలియని కుంచము సగము మూగది. కొలుచునపుడు మొదటి కొలతను ‘ఒకటి’ యనక ‘లాభము’ అని పలికి, తరువాత ‘రెండు’ అనుట మన కళ్ళములలోని వాడుక. పాత్రతోపాటు ఈ మాటను గూడ వ్రాసి యుంచనిచో, రేపు కుంచమును చూచువారు దానిని పూలకుండి యనుకొందురు. అనుకొనుట యేమి, పట్టణములలో పూలకుండులుగా వాడుచునే యున్నారు!

వెల్దుర్తి, దుర్గి మండలములలో లంబాడీ తండాలు పెక్కు కలవు. తండాస్త్రీల చేతికుట్టును గూర్చి చెప్పక ఈ మాట పూర్తి కాదు. అద్దములు, గవ్వలు, పూసలు, రంగుదారములు కూర్చి వారు కుట్టుకొను రవికలు, పావడలు, సంచులు, తలపై కడవక్రింద నుంచు చుట్టకుదుళ్ళు చూడ ముచ్చటగొలుపును. ఎడ్లపై ధాన్యమును ఉప్పును మోయుచు దేశమెల్ల తిరిగిన జాతి యది. గోడలులేని బ్రతుకున వారి చిత్రశాల వారి దుస్తులే. నేటి తండాపిల్లలు చీరలు, చుడీదారులు కట్టుచున్నారు. వారి యిష్టము వారిది. అయితే అవ్వల పెట్టెలోని పాతకుట్టు విదేశములవారు వెదకి కొను సొత్తైనది. బంజారా వస్త్రములపై 2016లో లండనున ఒక పెద్దగ్రంథమే వెలువడెను. కర్ణాటకములోని సండూరు లంబాడీకుట్టునకు 2010లో భౌగోళిక గుర్తింపు దొరకెను. 2023లో హంపియందు ఆ స్త్రీలు కుట్టిన 1755 వస్తువుల ప్రదర్శన గిన్నీసు పుస్తకమున కెక్కెను.

కాని సేకరించువారిలో రెండు తెగలు కలవు. పావడను పావడగా కొని, కుట్టిన యవ్వను అడిగి, కుట్టు పేరును తండా పేరును వ్రాసికొనువారొక తెగ. దానిని కత్తిరించి, అద్దములున్న మేరకు దిండుగలీబులును చేతిసంచులును చేయించువారు రెండవ తెగ. మందులకో పెండ్లికో డబ్బు అక్కరపడిననాడు తండా యింటికి వచ్చి, గజమునకింతయని బేరమాడువారు ఈ రెండవవారే. అట్టి సంచి భుజమున వేసికొని ‘ఎంత చవుకగా దొరకినదో’ అని మురియు సోదరి, అది యెవరి పెండ్లిపావడయో యొకసారి తలపోయవలెను. తగినవెల యిచ్చి కొత్తకుట్టు కుట్టించుకొనుట ఇరువురకు మేలు. దుర్గి శిల్పుల విషయమును ఇట్టిదే; వారి రాతిచెక్కడమునకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పాతవిగ్రహముకై గుళ్ళవెంట తిరుగువాడు దొంగ. దుర్గికి పోయి కొత్తది చెక్కించుకొనువాడు రసికుడు.

ఇక దాచుకొను తీరు. ఇత్తడిని తళతళలాడింపవలెనని ఇటుకపొడితో తోమకుడు. పదిమారులు తోమిన చుక్కలు అరగి పేరు మాయమగును. చింతపండురసము పలుచగా పూసి, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచిన చాలును. పాతచీరల పొరలతో కుట్టిన బొంతలను, జరీచీరలను ఏటికి రెండుమూడుసార్లు నీడను ఆరబెట్టి, పాతమడతపైననే మడవక వేరుచోట మడవవలెను. మడతచోటనే నూలు తెగును. వార్తాపత్రికలో చుట్టరాదు, ఉతికిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి, ఎండిన వేపాకును మూటకట్టి ప్రక్కన నుంచుడు. కొయ్యసామాను నేలకు తగిలియున్న చెదలు పట్టును, నాపరాతిముక్కలపై ఎత్తిపెట్టుడు. రంగువార్నీసు పూయింపకుడు. పచ్చీసుపలక మీదను, వామనగుంటల పీట మీదను చేతులరాపిడిచే వచ్చిన నునుపే దాని యందము.

చట్టమును గూర్చి రెండుమాటలు. 1972 నాటి పురావస్తుచట్టము ననుసరించి నూరేండ్లు దాటిన శిల్పములు, చేతిపనులు మొదలైనవి పురావస్తువులగును. వ్రాతప్రతులకు డెబ్బదియైదేండ్లు చాలును. వానిని సొంతముగ విదేశములకు పంపరాదు. విగ్రహములు, పటములవంటి కొన్ని తరగతులను ప్రభుత్వమున నమోదు చేయింపవలెను. దున్నునపుడో పునాది త్రవ్వునపుడో భూమిలో దొరకిన పాతసొత్తు, పది రూపాయలకు మించిన విలువగలదైనచో, 1878 నాటి చట్టముచొప్పున కలెక్టరునకు తెలుపవలెను. పలనాట నాగలి కెప్పుడేమి తగులునో చెప్పలేము గనుక ఈ మాట వ్రాసితిని. అమెరికాలోని బంధువులు ‘అమ్మమ్మ వస్తువేదైన పంపుడు’ అని యడిగినపుడును దాని వయస్సు ముందు చూచుకొనుడు.

అన్నిటికంటె ముఖ్యము ఒక నోటుపుస్తకము. వస్తువు పేరు మీ యింట నేమందురో అదియే వ్రాయుడు, నిఘంటువులో వెదకనక్కరలేదు. ఎవరు తెచ్చిరి, ఏ యూరినుండి, ఎవరి పెండ్లికి, దేనికి వాడిరి, ఎప్పుడు మానిరి — ఇంతమాత్రము చాలును. సెల్‌ఫోనులో బొమ్మతీయుడు, మంచిదే. కాని ఫోను మారినపుడు బొమ్మ పోవును, పుస్తకము పోదు. అమ్మకతప్పని వస్తువునైనను పుస్తకమునకెక్కించి యమ్ముడు. ఇంట చోటులేనివారిని తప్పుపట్టువారెవ్వరు?

అరగిపోయిన పేరును చదువుటకు ఒక సులభోపాయము కలదు. పలుచని తెల్లకాగితమును పాత్రమెడకు బిగువుగా చుట్టి, మెత్తని పెన్సిలును ఏటవాలుగా పట్టి తేలికగా రుద్దవలెను. కంటికానని చుక్కలు కాగితముపై తెల్లగా లేచును. మా యింటి గంగాళమునకు ఇట్లు చేయగా మూడు పంక్తులు పడినవి. మొదటిది మా నాయనమ్మ అత్తగారి పేరు. రెండవది ఆమె పుట్టినయూరు. మూడవది ‘విభవ’ యను నాలుగక్షరములలోపు మాట. విభవనామ సంవత్సరము అరువదియేండ్లకొకసారి వచ్చునది గనుక, అది 1868–69 కావచ్చును, 1928–29 కావచ్చును, 1988–89 కావచ్చును. చివరిది కాదనుట స్పష్టము, అప్పటికామె లేదు. 1868 నాటికామె పుట్టనేలేదు. కావున 1928–29లో, ఆమె కాపురమునకు వచ్చిన యేట, తండ్రి కొనియిచ్చినదని తేలినది. ఆ సంగతి యింటిలో నెవ్వరును ఎరుగరు. ఆ కాగితమును నోటుపుస్తకమున అంటించి, క్రింద ఆమె పేరు మరల ఒకసారి సిరాతో వ్రాసితిమి.